కొత్త అంగన్‌వాడీ టీచర్‌కు మొదటి ఏడాది తోడుగా నిలవడం ఎలా

మీ సెక్టార్‌లో, అంటే ఒకే సూపర్‌వైజర్ కిందకు వచ్చే కేంద్రాల్లో, కొత్త టీచర్ చేరారనీ, పక్క ఊరి కేంద్రంలో ఉన్న మీరే ఆమెకు పని చూపించాలనీ సూపర్‌వైజర్ చెప్పగానే, అలవాటు కొద్దీ మన చేయి మొదట రిజిస్టర్ల మీదికే పోతుంది. అందులో వింత లేదు. తనిఖీకి వచ్చినవారు కుర్చీలో కూర్చోగానే అడిగేవి అవే. అయితే రిజిస్టర్ రాయడం, స్టాకు లెక్క తేల్చడం ఎవరికైనా రెండు మూడు నెలల్లో పట్టుబడతాయి. మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలు పదిహేను ఇరవై మందిని ఒకే గదిలో, గద్దించకుండా, గోడకు ఆనించి వరుసగా కూర్చోబెట్టకుండా, ఆటపాటల్లో పెట్టి పూటంతా నడపడం మాత్రం పక్కన ఒకరు కూర్చుని చూపిస్తే తప్ప రాదు. 1975 అక్టోబర్ 2న అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం) మొదలైనప్పుడు అప్పగించిన ఆరు సేవల్లో పూర్వ ప్రాథమిక విద్య ఒకటి. మిగిలిన ఐదింటి ఒత్తిడిలో కొత్త టీచర్ అన్నిటికన్నా ముందు వదులుకునేది కూడా దాన్నే. కాబట్టి మీరు చేసే సాయంలో పెద్ద వాటా ఆమె పిల్లలతో గడిపే వేళకే దక్కాలి.

ముందుగా మీ హద్దు తేల్చుకోండి

కొత్త టీచర్‌ను కలవకముందే సూపర్‌వైజర్‌తో కూర్చుని రెండు విషయాలు తేల్చుకోవాలి. మొదటిది, మీరు తనిఖీకి వెళ్ళడం లేదు. ఆమె మీతో చెప్పుకున్న ఇబ్బంది, మీరు చూసిన లోటు నేరుగా నివేదికలోకి ఎక్కితే, రెండోసారి వెళ్ళేనాటికి ఆమె మీకు చూపించడానికే ఒక తరగతి సిద్ధం చేసి ఉంచుతుంది. ఇక మీరు చూసేది ఏమీ ఉండదు. పిల్లల మీద చేయి చేసుకోవడం, పిల్లల భద్రతకు ముప్పు అనిపించే సంగతులు మాత్రం దాచబోమని ఆమెకు కూడా మొదటి రోజే చెప్పి ఉంచాలి. రెండోది, మీరు ఆమె దగ్గరకు వెళ్ళిన పూట మీ కేంద్రాన్ని ఎవరు చూస్తారన్నది. ఆయమ్మ (కేంద్రంలోని సహాయకురాలు) మీద వదిలి వెళ్ళాల్సి వస్తుంది కనుక ఏ రోజుల్లో, ఎన్ని గంటలు అన్నది సూపర్‌వైజర్ అనుమతితో రాసి పెట్టుకోండి. నోటి మాటగా ఒప్పుకున్నది నెల తిరిగేసరికి ఎవరికీ గుర్తుండదు. మొదటి రెండు నెలలు వారానికి ఒక పూట, ఆ తరువాత పదిహేను రోజులకు ఒక పూట అనుకుంటే ఇద్దరికీ మోయగలిగే బరువుగా ఉంటుంది.

మీరు వెళ్ళకముందు ఆమెను మీ కేంద్రానికి పిలవండి

చేరిన మొదటి వారంలో రెండు మూడు రోజులు ఆమె మీ కేంద్రంలో కూర్చోవడం మంచిది. అయితే "అంతా చూడు" అంటే ఆమెకు ఏదీ కనిపించదు. ఒక రోజుకు ఒకే పని అప్పగించండి. మొదటి రోజు పొద్దున పిల్లలు వచ్చే అరగంట మాత్రమే చూడమనండి: ఏడుస్తూ వచ్చిన పిల్లను మీరు తల్లి చంకలోంచి లాక్కున్నారా, తల్లినే కాసేపు లోపల కూర్చోమన్నారా, ఆ పిల్ల ఎంతసేపటికి బొమ్మల వైపు చూసింది, ఎవరు పిలిస్తే కదిలింది. రెండో రోజు ఒక ఆట నుంచి ఇంకో ఆటకు మారే సందులు చూడమనండి. గదిలో గొడవ పుట్టేది ఆ సందుల్లోనే. మీ తరగతి చెదిరిపోయిన పావుగంట ఉంటే అది కూడా ఆమె కళ్ళపడనివ్వండి. సీనియర్ టీచర్ గదిలో ఎప్పుడూ అంతా సవ్యంగా ఉంటుందన్న భ్రమతో వెళ్ళినవారు తమ గది చూసి తొందరగా దిగులు పడతారు.

ఆయమ్మ, ఊరు, పిలుపులు

మన వైపు కొత్త టీచర్లలో చాలామంది ఆ ఊరికి కోడళ్ళుగా వచ్చినవారే. ఆయమ్మ తరచుగా వయసులో పెద్దది, ఊళ్ళో పుట్టి పెరిగినది, వరసకు అత్తో పెద్దమ్మో కూడా కావచ్చు. పని చెప్పాలంటే కొత్త టీచర్‌కు నోరు రాదు. చెప్పకపోతే వంట, శుభ్రం, పిల్లలను తీసుకురావడం, చివరకు పాట చెప్పడం దాకా అన్నీ కలగాపులగమవుతాయి. ఇక్కడ మీరు చేయగలిగిన మేలు ఒకటుంది: ముగ్గురూ కలిసి కూర్చుని, పొద్దున కేంద్రం తెరిచిన దగ్గర నుంచి మూసే దాకా ఏ పని ఎవరిదో ఒక కాగితం మీద రాయండి. మాట మీ నోట వస్తే ఆయమ్మ చిన్నబోదు, టీచర్ ఇరుకున పడదు. వంట గిన్నెలు దించే సమయంలో పిల్లలు ఎక్కడ ఉండాలి, ఎవరు చూడాలి అన్నది ఆ కాగితంలో తప్పకుండా ఉండాలి.

మీరిద్దరూ విడిగా ఉన్నప్పుడు ఆమె మిమ్మల్ని "అక్కా" అనవచ్చు, మీరు "చెల్లె" అనవచ్చు. తల్లుల ముందు, ఆయమ్మ ముందు, ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం (టీకాలు వేసే నర్సు) ముందు మాత్రం ఆమెను "టీచర్" అనే పిలవండి. ఊరు ఆమెను ఎలా చూడాలన్నది మొదటి నెలలో మీ పిలుపును బట్టి కూడా తేలుతుంది.

మూడు వయసుల గదిని నడపడం నేర్పండి

కొత్త టీచర్‌ను అన్నిటికన్నా ఎక్కువగా తికమక పెట్టేది వయసుల తేడా. మూడు నిండిన పిల్ల ఇంకా బొటనవేలు చప్పరిస్తుంటుంది. ఐదు దాటిన పిల్లవాడికి ఆ పాటే మళ్ళీ పాడితే విసుగు. శిక్షణలో ఇచ్చిన కాలపట్టిక చేతిలో ఉన్నా, ఒకే పనిని మూడు రకాలుగా ఎలా విడగొట్టాలో అందులో కనిపించదు. దీనికి కథతో మొదలుపెట్టడం తేలిక.

చేర్యాల నకాషీ పటం చుట్ట విప్పుతూ ఒక్కో ఘట్టం చూపించి కథ చెప్పే పద్ధతి మన తెలంగాణదే కదా. ఆ తీరులోనే ఒక పొడుగాటి కాగితం మీద ఐదారు బొమ్మలు గీసి చుట్టి ఉంచమనండి. బొమ్మలు అందంగా ఉండనక్కర లేదు. ఎడ్లబండి, వాగు, మేకపిల్ల, వాన, ఇల్లు చాలు. పిల్లలందరినీ చుట్టూ కూర్చోబెట్టి పది నిమిషాలకు మించకుండా కథ చెప్పాలి, ఎందుకంటే ఆ గదిలోని అతి చిన్నవారి ఓపిక అంతే. తరువాత చిన్నవారు మేకలా అరుస్తూ, దూకుతూ కథను ఆడతారు. నాలుగేళ్ళవారు మట్టితో మేకనో బండినో చేస్తారు. పెద్దవారు ఆ బొమ్మల కాగితాలను విడివిడిగా తీసుకుని ముందు ఏది, తరువాత ఏది అని వరుసలో పెట్టి, కథను తిరిగి చెబుతారు. మొదటి వారం మీరు కథ చెప్పండి, ఆమెను పిల్లల ముఖాలు చూడమనండి. తరువాతి వారం ఆమె చెబుతుంది, మీరు చూస్తారు. మధ్యలో ఆమె తడబడినా మీరు కథ అందుకోకండి. పిల్లల ముందు ఒకసారి అందుకుంటే ఆ గదిలో టీచర్ ఎవరన్నది వారికి అర్థమైపోతుంది.

ఆట సామాను కోసం ఎదురుచూడవద్దని కూడా చెప్పండి. కిట్టు వచ్చినా, రాకున్నా, గింజలు ఒలిచిన మక్క కంకులు, కొబ్బరి చిప్పలు, పాత చీర ముక్కలు, ఖాళీ డబ్బాలు ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి. చింతగింజలు, మక్క గింజలు, గవ్వల వంటివి లెక్కకు బాగుంటాయి గానీ, అక్క చెయ్యి పట్టుకుని వచ్చే రెండేళ్ళ తమ్ముడు వాటిని నోట్లోనో ముక్కులోనో పెట్టుకోగలడు. అందుకే గింజలు ఎప్పుడు తీయాలి, లెక్కపెట్టి ఎక్కడ దాచాలి అన్నది ఆమెకు చేసి చూపించాలి.

చూడటం, ఆ తరువాత మాట్లాడటం

మీరు ఆమె గదిలోకి వెళ్ళిన పూట కుర్చీ అడగకండి. మూలన చాప మీద కూర్చోండి. టీచర్ ఏం చేసిందని కాకుండా ఇద్దరు ముగ్గురు పిల్లలు ఏం చేశారన్నది రాయండి. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, సాయంత్రం జరిగే మాటల తీరే దీనివల్ల మారుతుంది. "మీరు వెనకవాళ్ళను పట్టించుకోలేదు" అంటే ఆమె సంజాయిషీ వెతుక్కుంటుంది, "కిటికీ పక్కన కూర్చున్న ఆకుపచ్చ గౌను పాప పాట మొదలైనప్పటి నుంచి అయిపోయే దాకా ఒక్క మాట కూడా అనలేదు, ఆ పాప రోజూ అంతేనా?" అంటే ఇద్దరూ కలిసి ఆ పాప గురించి ఆలోచిస్తారు. చెవి వినికిడి లోపమా, ఇంటి భాష వేరా, పొద్దున తినకుండా వచ్చిందా అన్న ప్రశ్నలు అక్కడి నుంచే పుడతాయి. ఎదుగుదలలో ఏదో తేడా ఉందన్న అనుమానం నాలుగైదు వారాలు గడిచినా తీరకపోతే, పిల్లల ఆరోగ్య పరీక్షలకు కేంద్రానికి వచ్చే ఆర్‌బీఎస్‌కే బృందానికి ఎలా చూపించాలో, తల్లికి భయం కలగకుండా ఎలా చెప్పాలో దగ్గరుండి నేర్పండి.

ఒక గదిలో ఇద్దరు పిల్లలు ఇటుక ముక్కకు వార్తాపత్రిక చుట్టి, నెత్తిన పెట్టుకుని, "బంగారం, బంగారం" అంటూ గది చుట్టూ తిరుగుతున్నారనుకోండి. ములుగు వైపు రెండేళ్ళకోసారి మేడారం జాతర ముగిసిన వారంలో ఈ ఆట ఎక్కడైనా పుడుతుంది. తల్లులు సమ్మక్క సారలమ్మల గద్దెల దగ్గరకు, బంగారమని పిలిచే బెల్లం మోసుకెళ్ళడం వారు కళ్ళారా చూసి వచ్చారు. కొత్త టీచర్ కంటికి అది అల్లరి. ఆమె ఆ ఆటను ఆపబోతే మీరు అడ్డు చెప్పకండి, కానీ సాయంత్రం అడగండి: వారు ఎంత బరువు మోశారు, ఎవరు ముందు నడవాలని ఎలా తేల్చుకున్నారు, ఎన్ని కొత్త మాటలు వాడారు? రేపు మూలన నాలుగు డబ్బాలు పెట్టి "గద్దె ఇక్కడ కడదామా" అని ఆమే అంటే ఏమవుతుంది? చదువు చెప్పడమంటే టీచర్ మాట్లాడటం, పిల్లలు వినడం అన్న పాత లెక్క ఉపన్యాసాలతో చెరగదు; ఇలాంటి ఒక పూట చాలు.

సాయంత్రం మాటలు పిల్లలు వెళ్ళిపోయాక, ఆయమ్మ గిన్నెలు కడిగే వేళ, విడిగా జరగాలి. ముందు ఆమెను చెప్పనివ్వండి. మీరు చెప్పదలచినవి ఆరు ఉన్నా ఒక్కటే చెప్పండి, తరువాతి రాకకు ఆ ఒక్కటే చూస్తానని చెప్పండి. మిగిలిన ఐదూ మీ నోటుబుక్కులో ఉంటే నష్టమేమీ లేదు; వాటిలో రెండు ఎవరూ చెప్పకుండానే సర్దుకుంటాయి.

ఒక్క సంగతి మాత్రం సాయంత్రం దాకా ఆగనిది. కొట్టడం, గదిలో పెట్టి గొళ్ళెం వేస్తానని బెదిరించడం, "సూది వేయిస్తా" అనడం కంటపడితే అప్పుడే, గొంతు పెంచకుండా, పిల్లవాడిని మీ పక్కకు తీసుకుని ఆపండి. సూది బెదిరింపు చాలా ఇళ్ళలో వినిపించేదే కనుక కొత్త టీచర్‌కు అది తప్పుగా తోచకపోవచ్చు. కానీ టీకాల బుధవారం, శనివారం వచ్చేసరికి అదే పిల్లవాడు ఏఎన్‌ఎంను చూడగానే గుమ్మం దాటి పరుగెత్తుతాడు. అతణ్ణి పట్టుకొచ్చే పని కూడా ఆ టీచర్‌దే అవుతుంది.

"రాయిపిస్తలేరు" అనే మాటకు జవాబు సిద్ధం చేయండి

రెండో నెల దాటాక ఒక తల్లి తప్పకుండా వస్తుంది. "పక్కింటి పోరడు వ్యానెక్కి పోయి ఏబీసీడీలు రాస్తున్నడు, మా పిల్ల ఇక్కడ ఆడుకుంటనే ఉన్నది, ఏం నేర్పుతున్నరు టీచర్?" అంటుంది. ఆ మాట పడ్డ మరునాడు పలకలు బయటికి వస్తాయి. మూడేళ్ళ పిల్ల బలపాన్ని పిడికిట్లో బిగించి పట్టుకుని ఉంటుంది, టీచర్ ఆ పిడికిలి మీద తన చెయ్యి వేసి అ దిద్దిస్తుంది, పిల్ల చూపు మాత్రం గుమ్మం దగ్గర మెతుకులు ఏరుకునే కోడి మీద ఉంటుంది. అక్షరం రాసింది టీచర్ చెయ్యి, అరిగింది బలపం. కొత్త టీచర్ మొదటి ఏడాదిలో ఓడిపోయేది ఎక్కువగా ఇక్కడే, ఎందుకంటే ఆమెకు జవాబు తెలిసినా ఊరి ముందు నిలబడి చెప్పే ధైర్యం ఉండదు.

ఆ ధైర్యం రెండు దారుల్లో ఇవ్వవచ్చు. ఒకటి, ఇది ఆమె సొంత అభిప్రాయం కాదని తెలియజేయడం. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ వయసును ఒకే పునాది దశగా లెక్కించింది. 2022లో ఆ దశకు వచ్చిన పాఠ్య ప్రణాళిక చట్రం ఆట ద్వారానే నేర్పాలంటుంది. అంగన్‌వాడీ పిల్లల కోసం 2024లో వచ్చిన 'ఆధారశిల' పాఠ్యప్రణాళిక కూడా ఆ దారిలోదే. రెండోది, దీనికన్నా ఎక్కువగా పనిచేసేది, తల్లులకు కళ్ళతో చూపించడం. తల్లుల సమావేశం రోజు పిల్లల చేత మట్టి ముద్దలు చేయించి, కాగితం చింపించి, దారానికి పెద్ద పూసలు గుచ్చించి, బలపం పట్టే మూడు వేళ్ళకు బలం ఇక్కడి నుంచే వస్తుందని ఒక్కో తల్లికీ తన బిడ్డ చేతులు చూపిస్తూ చెప్పాలి. ఆ తల్లులనే పూసలు గుచ్చమంటే ఇంకా మంచిది, నవ్వుకుంటూ ఒప్పుకుంటారు. మొదటి సమావేశంలో మీరు పక్కన ఉండండి కానీ మాట్లాడవలసింది ఆమే. ఐదు దాటిన పిల్లలు తమంతట తాము పేరు రాయాలని ఉబలాటపడితే ఆపనక్కర లేదని కూడా ఆమెకు చెప్పాలి. కొందరు కొత్తవారు శిక్షణలో విన్న మాటను పట్టుకుని పలక కనిపిస్తేనే నేరమన్నట్టు చూస్తారు, అది కూడా సరైనది కాదు.

తండాల్లో, గూడేల్లో

మహబూబాబాద్ వైపు తండాలో గానీ, ఏటూరునాగారం వైపు కోయ గూడెంలో గానీ కొత్త టీచర్ తెలుగు ఇంటి నుంచి వెళ్ళినదైతే, మొదటి నెలలో పిల్లలు "మాట వినరు" అని మీతో అంటుంది. నిజానికి వారికి ఆ మాట అర్థం కాలేదు. తండాలో అమ్మను యాడి, నీళ్ళను పాణి అనే పిల్ల దాహమైతే ఎవరిని ఏమని అడగాలి? నీళ్ళు, ఆకలి, నొప్పి, బయటికి పోవడం, అమ్మ వస్తుంది అనే ఐదారు మాటలు ఆ భాషలో ఆయమ్మ దగ్గరో, పెద్ద పిల్లల దగ్గరో మొదటి వారంలోనే నేర్చుకుని గోడకు రాసి పెట్టుకోమనండి. పాటలు, పొడుపుకథలు అవ్వల చేత ఇంటి భాషలోనే చెప్పించి, తెలుగును పక్కన చేరుస్తూ పోవాలి. ఇంట్లో తెలుగే మాట్లాడమని తల్లులకు చెప్పడం మేలు చేయదు.

కొలతలు, స్టాకు, ఫోను

ఈ పనులకు రెండు మూడు పూటలు చాలు, అయితే ఆ పూటలు నెలలో సరైన చోట పడాలి. మొదటి నెల తూకాల రోజు ఇద్దరూ కలిసి తూయండి. తూకం సున్నా దగ్గర ఉందా, స్వెటరు, చెప్పులు తీశారా, రెండేళ్ళ లోపు బిడ్డను పడుకోబెట్టి, ఆపై వయసు పిల్లలను నిలబెట్టి ఎత్తు తీశారా అన్నవి చేతితో చేస్తే గుర్తుంటాయి. జబ్బ కొలత 11.5 సెంటీమీటర్ల లోపు వచ్చిన బిడ్డను తరువాతి నెల దాకా చూద్దామని ఆపకూడదు; అదే రోజు ఏఎన్‌ఎంకూ సూపర్‌వైజర్‌కూ చెప్పాలి. గుడ్లను ఉడకబెట్టే ముందు నీళ్ళలో వేసి, తేలినవి పక్కన పెట్టించండి. బాలామృతం (చిన్నపిల్లలకు ఇచ్చే పోషకాహార పొడి) ప్యాకెట్ల తేదీ దించుకునేటప్పుడే చూడాలి, పంచేటప్పుడు కాదు.

ఫోను గురించి ఒక్క సలహా. పోషణ్ ట్రాకర్ యాప్‌లో నమోదు, ముఖ గుర్తింపు వంటివి సిగ్నల్ వస్తూ పోతూ ఉండే ఊళ్ళలో పొద్దుటి పూటంతా తినేస్తాయి. పిల్లల ఆట వేళలో ఫోను బీరువాలో ఉండేట్టు, నమోదులకు ఒక వేళ విడిగా ఉండేట్టు ఆమెతో కలిసి పట్టిక వేయండి. ఆ వేళకు మినహాయింపు ఇవ్వమని సూపర్‌వైజర్‌తో మాట్లాడవలసింది మీరు. కొత్తగా చేరిన మనిషి ఆ మాట అడగలేదు.

పత్తి ఏరే కాలంలో

దసరా తరువాత పత్తి చేతికి వస్తుంది, ఆ వెనకే మిర్చి. తల్లులు చీకటితో చేనుకు పోతారు. పిల్లలు కొందరు వారి వెంటే పోతారు, కొందరిని అవ్వ ముఖం కూడా కడగకుండా తెచ్చి వదిలిపోతుంది. బతుకమ్మ ఆటల్లో నిండుగా కనిపించిన గది పలచబడుతుంది. హాజరు ఎందుకు తగ్గిందని పైనుంచి అడుగుతారు. కొత్త టీచర్‌కు తన వల్లే పిల్లలు రావడం లేదని అనిపించేది ఈ నెలల్లోనే, మానేద్దామన్న ఆలోచన వచ్చేది కూడా అప్పుడే. మీ రాకపోకలు పలచబరచడానికి ఇది సమయం కాదు. ఏ ఇంటివారు ఎవరి చేనుకు పోతున్నారు, ఎప్పుడు తిరిగి వస్తారు అన్నది ఇంటింటికీ పోయి రాసుకోవడంలో ఆమెకు తోడు వెళ్ళండి. పొద్దుటి వరుసను మార్చమనండి: ముందు ముఖాలు కడిగించడం, ఏదైనా తినిపించడం, తరువాతే ఆట. తల్లులను నిలదీయవద్దని చెప్పండి. కూలి పోగొట్టుకుని బిడ్డను దించడానికి ఎవరూ రారు.

అంగన్‌వాడీ టీచర్‌కు స్టాఫ్ రూము లేదు, పక్క తరగతిలో ఇంకొకరు లేరు. సెక్టార్ వాట్సాప్ గ్రూపులో ఆదేశాలే వస్తాయి. కొత్తవారు ఇద్దరు ముగ్గురు ఉంటే వారితో మీరొక చిన్న గ్రూపు పెట్టి, అందులో ఏ నివేదికా అడగబోమని ముందే చెప్పండి. పాట మరిచిపోయినా, పిల్లవాడు కరిచినా, గౌరవ వేతనం ఆలస్యమై మనసు బాగోకపోయినా అక్కడ చెప్పుకోవచ్చు. ఫోన్లకు మీకూ ఒక వేళ పెట్టుకోండి, లేకపోతే మీ ఇంట్లో గొడవ మొదలవుతుంది.

ఏడాది ముగిసేటప్పుడు

వేసవి ముందు ఒక సెక్టార్ సమావేశంలో ఆమె చేత ఒక కథనో ఆటనో చేయించండి. పక్కన కూర్చుని మీరు వివరించకండి. ఆ తరువాత ఇద్దరూ కలిసి జూన్ సంగతి చూడాలి: మూడేళ్ళు నిండబోయే పిల్లలెవరు, ఒకటో తరగతికి పోయేవారెవరు, వారిని చేర్చుకోబోయే బడి టీచర్‌ను ముందే ఒకసారి కలవడానికి ఏ రోజు కుదురుతుంది. మీరు రాసుకున్న నోటుబుక్కు ఆమెకే ఇచ్చేయండి. మీ రాకలు నెలకు ఒకటికి తగ్గించి, ఏ విషయానికి రావాలో ఇకపై ఆమెనే చెప్పమనండి.